పార్సిప్పనీ లాన్‌కున్న మర్యాద మన ఊరి మడికి లేదా?



పార్సిప్పనీలో ఇల్లు కొన్నవాళ్ళకు ఈ సంగతి తెలిసిందే. నవంబరు 15 నుంచి మార్చి 1 దాకా లాన్‌కు ఎరువు వేయకూడదు. కొత్తగా గడ్డి వేస్తే తప్ప, మట్టి పరీక్షలో అవసరమని తేలకుండా భాస్వరం చల్లకూడదు. 2011 జనవరిలో న్యూజెర్సీ చేసిన చట్టం ఇది. ఇంత చేసినా 2019 వేసవిలో మన జిల్లాలోనే లేక్ హొపాట్‌కాంగ్ విషపు నాచు పట్టి ఈతలు బందయ్యాయి. వారం వారం కోసి పారేసే గడ్డికి ఇంత శాస్త్రం!

అదే మనం, 2025 ఆగస్టు, సెప్టెంబరుల్లో సొసైటీల ముందు చెప్పులూ పాసుపుస్తకాలూ లైన్లో పెట్టిన తెలంగాణ రైతుల ఫోటోలు చూసి ఏమన్నాం? "మనవాళ్ళకు యూరియా పిచ్చి" అని ఒకరు, "ఆర్గానిక్‌కు మారితే సరి" అని ఇంకొకరు. పొట్లక్కుల్లో రెండూ విన్నాను. రెండూ అన్యాయమే.

లెక్క చూడండి. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. అందులో నత్రజని 46 శాతం, అంటే కిలో 13 రూపాయల లోపే. డీఏపీ బస్తా 1350. దాన్లోని నత్రజని విలువ తీసేస్తే కిలో భాస్వరం 50 రూపాయలు దాటుతుంది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం భాస్వరానికీ పొటాష్‌కూ పోషకాన్ని బట్టి సబ్సిడీ పెట్టి, యూరియాను మాత్రం ఆ పద్ధతికి బయట ఉంచింది. అప్పు తెచ్చి కౌలుకు చేసేవాడు ఏది చల్లుతాడు? కూపన్ లేనిదే పిజ్జా కొనని మనమా అతన్ని తప్పుపట్టేది!

నత్రజని ఒక్కటే ఎక్కువైతే వరి నాలుగు రోజులు నిగనిగలాడుతుంది. తర్వాత కాండం మెత్తబడి పడిపోతుంది, దోమపోటు పెరుగుతుంది, మందుకు మళ్ళీ అప్పు. 2015లో మొదలైన భూసార కార్డు ఒకటి చెబుతుంది, దుకాణంలో ధర ఇంకొకటి చెబుతుంది. రైతు వినేది ధర మాటే. రామగుండంలో 1999లో మూతపడ్డ ఫ్యాక్టరీ 2021లో మళ్ళీ నడిచింది, ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యం. అయినా లైన్లు తప్పలేదు.

ఆర్గానిక్ మిత్రులు శ్రీలంకను మరిచినట్టున్నారు. 2021లో అక్కడ ఒక్క ఉత్తర్వుతో రసాయన ఎరువులు ఆపారు, వరి దిగుబడి పడిపోయింది, ఆ ఏడాదే వెనక్కి తగ్గారు. జనగామ దగ్గరి ఎనబావి రైతులూ రసాయనాలు మానేశారు, కానీ ఏళ్ళ తరబడి నేర్చుకుంటూ మానేశారు. పశువులు పోయి ట్రాక్టర్లొచ్చిన ఊళ్ళో రాత్రికి రాత్రి పెంట ఎక్కడినుంచి వస్తుంది?

మన ఫోరం అడగాల్సింది ఇది. సబ్సిడీ బస్తాకు కాదు, ఎకరాకు ఇవ్వాలి. యూరియానూ 2010 పద్ధతిలోకి తేవాలి, కానీ ధర పెంచకముందే ఆ డబ్బు సాగుచేసేవాడి చేతికి రావాలి. 2018లో రైతుబంధు కౌలు రైతును వదిలేసింది, ఆ తప్పు మళ్ళీ జరిగితే ఒప్పుకోం. జీలుగ, జనుము విత్తనాలు వానలకు ముందే ఊరికి చేరాలి. చెరువు మట్టి పొలాలకు తోలించడం మిషన్ కాకతీయలో చూశాం, దాన్ని ఏటా సాగనివ్వాలి.

వచ్చే మీటింగుకు వచ్చేముందు ఊరికి ఫోన్ చేయండి. ఈ సీజన్‌లో బస్తా ఎంతకు దొరికింది, దాంతోపాటు ఇంకేం అంటగట్టారు, అడిగి రాసుకు రండి. వినతిపత్రంలో ముందు అవే పెడదాం.