కడబంతి లేకుండా పెళ్లి భోజనాలు పెట్టలేమా?

ఈసారి ఎరువుల గురించో రేట్ల గురించో కాదు, పెళ్లి భోజనాల బల్లల గురించి రాస్తున్నా. మాఘమాసం వస్తోంది, చాలా ఇళ్లల్లో ముహూర్తాలు పెట్టుకుని ఉంటారు. టెంటు హౌస్ వాళ్లకి అడ్వాన్సు ఇచ్చేముందు ఇది ఒకసారి చదవండి.

ఇప్పుడు మన ఊళ్లల్లో ఏం చేస్తున్నాం? ముందు వరసలో తెల్లగుడ్డ కప్పిన గుండ్రబల్లలు, రిబ్బన్లు కట్టిన కుర్చీలు. అవి పెద్దమనుషులకి. వెనకాల పేపర్ రోల్ పరిచిన పొడుగు బల్లలు. అవి మిగతా జనానికి. టౌన్లో ఫంక్షన్ హాళ్లు చూసొచ్చి మనమూ మొదలెట్టాం. మా అమ్మాయి పెళ్లికి నేనూ అలాగే పెట్టా. అందుకే చెప్తున్నా.

ముందు లెక్క చూద్దాం. మిరప నాటేటప్పుడు సాలుకీ సాలుకీ మధ్య ఎడం చూసుకునే వాళ్లం, బల్లలకి చూసుకోవద్దా? మోచేతులు తగలకుండా తినాలంటే మనిషికి 2 అడుగులు కావాలి. 6 అడుగుల పొడుగు బల్లకి ఒకవైపు 3 మంది. 5 అడుగుల గుండ్రబల్ల చుట్టూ సుమారు 8 మంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ దాని చుట్టూ కుర్చీకీ, నడవడానికీ మళ్లీ జాగా వదలాలి. 18 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు టెంటులో గుండ్రబల్లలు ఎడం బాగా వదిలి ఒకే వరసలో వేస్తే 3 పడతాయి, అంటే 24 మంది. అదే టెంటులో పొడుగు బల్లలు ఎదురెదురుగా రెండు వరసలు వేసి, నడుమ వడ్డించేవాళ్లకి దారి వదిలితే 30 మంది కూర్చుంటారు.

వడ్డన కూడా చూడండి. పొడుగు బల్లకి ఒకవైపే కూర్చుంటారు కాబట్టి బకెట్ పట్టుకున్న కుర్రాడు ఎదురుగా నిలబడి ఆకులో వేస్తూ పోతాడు. ఎవరికి ఏం కావాలో మొహం చూసి చెప్పేస్తాడు. గుండ్రబల్ల దగ్గర ఇద్దరి భుజాల మధ్యలోంచి వంగి వెయ్యాలి. సాంబారు పట్టుచీర మీద పడకపోతే అదృష్టం. చుట్టాలు నలుగురు మొహాలు చూసుకుంటూ కబుర్లు చెప్పుకోవడానికి గుండ్రబల్ల బాగుంటుంది, కాదన్ను. అది టిఫిన్లకి, రిసెప్షన్ కాఫీలకి పెట్టుకోండి. బఫే అంటారా, మోకాళ్ల నొప్పులున్న పెద్దాళ్లని పళ్లెం చేత్తో పట్టుకుని నిలబెట్టడం నాకైతే మనసొప్పదు.

ఇక అసలు సంగతి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని సామెత. సరే, వడ్డించేవాడు మనవాడు కాకపోతే? మా పెళ్లికి పందిరి గుంజలు పాతింది, నీళ్లు మోసింది ఏళ్ల తరబడి మా పొలంలో పనిచేస్తున్న మొగుడూ పెళ్లాలు. వాళ్లు కూర్చునేసరికి మూడున్నర దాటింది. బూరెలు అయిపోయాయి, పులిహోర అడుగంటింది. గుండ్రబల్లల దగ్గర కుర్చీలు అప్పటికి గంట నుంచీ ఖాళీగానే ఉన్నాయి. అక్కడ కూర్చోండి అని నేను అన్లేదు, వాళ్లు కూర్చోలేదు. చెయ్యి కడుక్కుంటూ "బాగుందయ్యా" అంది ఆవిడ. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

మన తాతల కాలంలో కులానికో బంతి వేసేవాళ్లు. అది తప్పేనని ఇప్పుడు అందరం అంటాం. మరి గుడ్డ కప్పిన బల్ల ఒకరికి, కప్పని బల్ల ఇంకొకరికి అంటే దాన్నేమనాలి?

దీనికి మందు ఖరీదైందేం కాదు. 600 మంది వస్తారనుకోండి. ఒక్కో బంతికి 100 మంది చొప్పున వేస్తే 6 బంతులు. తిని లేచి, ఆకులు తీసి, మళ్లీ వేసేసరికి బంతికి అరగంట. 12 గంటలకి మొదలెడితే ఆఖరి వాళ్లు లేచేసరికి 3 గంటలు. అదే 150 మందికి బల్లలు వేస్తే 4 బంతులే, 2 గంటలకల్లా అయిపోతుంది. దానికి కావాల్సింది ఇంకో 17 బల్లలు, 50 కుర్చీలు. కాస్త జాగా, ఇంకొందరు వడ్డించేవాళ్లు కూడా చూసుకోవాలి. వాటి ఖర్చెంతో కనుక్కుని, స్టేజీ మీద పూలకి పెట్టేదాంతో పోల్చి చూడండి.

ఇంకో రెండు మాటలు. బల్లలన్నీ ఒకే రకం వేయించండి, గుడ్డ కప్పితే అన్నిటికీ కప్పండి. పనిచేసిన వాళ్లని, డప్పు కొట్టిన వాళ్లని చివరిదాకా ఆపకుండా రెండో బంతిలోనే కూర్చోబెట్టండి. వాళ్ల దగ్గర ఇంటి యజమానే నిలబడి స్వీటు వడ్డించాలి. అప్పుడు వడ్డించేవాడు అందరికీ మనవాడే అవుతాడు.

మా చిన్నాడి పెళ్లికి నేను ఇలాగే చేస్తా. మీ ఇంట్లో ఈ ఏడే పెళ్లి ఉంటే మీరే ముందు మొదలుపెట్టండి.