బేస్‌మెంట్‌కీ ఏడడుగులు కావాలి

పెళ్లికి ఏడడుగులు వెయ్యాలి. అమెరికాలో బేస్‌మెంట్‌కి ఏడడుగులు ఉండాలి. మొదటిది పంతులుగారు చూసుకుంటారు, రెండోది ఇన్‌స్పెక్టర్ చూసుకుంటాడు. పంతులుగారైతే కాస్త సర్దుకుపోతారేమో. ఇన్‌స్పెక్టర్ టేపు మాత్రం సర్దుకోదు.

న్యూజెర్సీ, వర్జీనియా, ఒహాయో వైపు ఇల్లు కొన్న మనోళ్లలో చాలామందికి ఒకటే కల. కింద ఖాళీగా పడున్న కాంక్రీటు గదిని హోం థియేటర్ చెయ్యాలి. ఓ పక్క పిల్లలు ఆడుకోడానికి చోటు, ఇంకో పక్క అమ్మానాన్న వచ్చినప్పుడు ఉండటానికి బెడ్‌రూమ్. (డల్లాస్ వాళ్లకి ఈ గొడవ లేదు, అక్కడ బేస్‌మెంట్లే అరుదు.) యూట్యూబ్ చూసి సోఫా, లైట్లు, ప్రొజెక్టర్ అన్నీ సెలెక్ట్ చేసేస్తాం. ఎత్తు కొలవడం మాత్రం చివర్లో గుర్తొస్తుంది. మొదట చెయ్యాల్సింది అదే.

ఇంతకీ రూల్ ఏంటి? అమెరికాలో చాలా రాష్ట్రాలు ఇళ్లకి ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్‌ని ఆధారంగా తీసుకుంటాయి. దాని ప్రకారం బెడ్‌రూమ్, లివింగ్ రూమ్ లాంటి మనుషులు గడిపే గదులకీ, నడవాలకీ సీలింగ్ ఎత్తు కనీసం 7 అడుగులు. బాత్‌రూమ్, లాండ్రీ గదికి 6 అడుగుల 8 అంగుళాలు చాలు. మెట్లు దిగేటప్పుడు తల పైన కూడా 6 అడుగుల 8 అంగుళాలు ఖాళీ ఉండాలి. బీములు, డక్టుల దగ్గర కొంత మినహాయింపు ఉంది, కొన్ని చోట్ల 6 అడుగుల 4 అంగుళాల దాకా ఒప్పుకుంటారు.

"కొన్ని చోట్ల" అన్నానని తిట్టుకోకండి. ఈ కోడ్‌కి మూడేళ్లకోసారి కొత్త వెర్షన్ వస్తుంది. ఒక్కో రాష్ట్రం ఒక్కో వెర్షన్ మీద ఉంటుంది, పైన లోకల్ ప్యాచ్‌లు వేరే. పాత ఇంటి బేస్‌మెంట్‌కి 6 అడుగుల 8 అంగుళాలతోనే సరిపెట్టే ఊళ్లు కూడా ఉన్నాయి. మన భాషలో చెప్పాలంటే, డాక్యుమెంటేషన్ చదివితే చాలదు, ప్రొడక్షన్‌లో ఏ వెర్షన్ రన్ అవుతోందో చూడాలి. మీ ఊరి బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌కి ఒక్క ఫోన్ చేస్తే తెలిసిపోతుంది.

అసలు మెలిక కొలతలో ఉంది. కాంక్రీటు నుంచి పైన చెక్క దూలం దాకా కాదు, పనంతా అయ్యాక ఫ్లోరింగ్ నుంచి సీలింగ్ దాకా కొలుస్తారు. ఒక లెక్క వేద్దాం. ఇప్పుడు మీకు 7 అడుగుల 4 అంగుళాలు, అంటే 88 అంగుళాలు ఉంది. సబ్‌ఫ్లోర్, దాని మీద వినైల్ కలిపి ఒకటిన్నర అంగుళం పోయింది. మిగిలింది 86.5. పైన అర అంగుళం డ్రైవాల్ కొడితే 86. కావాల్సింది 84, కాబట్టి పాస్. అదే డ్రైవాల్ బదులు డ్రాప్ సీలింగ్ పెడితే? దాని ఫ్రేమ్ కోసం 3 నుంచి 4 అంగుళాలు దిగాలి. 83.5 దాటదు, ఫెయిల్. అదే ఇల్లు, అదే బేస్‌మెంట్. మారింది ఒక్క సీలింగే.

తక్కువ పడితే ముందు డక్టులు చూడండి. వాటిని గది మధ్యలోంచి తీసి గోడ వారకి జరిపితే చాలాసార్లు సమస్య తీరుతుంది. బాత్‌రూమ్, లాండ్రీని ఎత్తు తక్కువున్న వైపు పెట్టుకోవచ్చు. నేల తవ్వి లోతు పెంచడం మాత్రం ఆఖరి మాట. పునాది కిందకి వెళ్లే పని అది, స్ట్రక్చరల్ ఇంజినీర్ లేకుండా ముట్టుకోకూడదు. ఖర్చు కూడా మామూలుగా ఉండదు.

"పర్మిట్ ఎందుకండీ, ఎవరు చూస్తారు, తక్కువలో చేసిపెడతా" అనే కాంట్రాక్టర్ మీకూ తగులుతాడు. ఇల్లు అమ్మేరోజు కొనేవాళ్లు పర్మిట్ కాగితం అడుగుతారు, అప్పుడు ఆయన ఫోన్ ఎత్తడు. ఇది డబ్బు సంగతి.

డబ్బు కంటే పెద్ద సంగతి, ఆ కింద గదిలో పడుకునేది ఎవరు? ఆరు నెలలు ఉండటానికి వచ్చిన అమ్మానాన్న. మంటలొస్తే పొగ పైనుంచి కిందకి నిండుతుంది, సీలింగ్ ఎంత తక్కువుంటే అంత త్వరగా ముఖం దాకా వస్తుంది. మెట్ల వైపు దారి మూసుకుపోతే బయటపడటానికి కిటికీ ఒక్కటే దిక్కు. అందుకే బేస్‌మెంట్ బెడ్‌రూమ్‌కి మనిషి దూరి బయటికెళ్లేంత కిటికీ ఉండాలంటుంది కోడ్. తెరిచిన ఖాళీ 5.7 చదరపు అడుగులు, దాని అడుగు అంచు నేల నుంచి 44 అంగుళాలు మించకూడదు. 2021 సెప్టెంబర్ 1 రాత్రి ఇడా తుఫాను వానకి న్యూయార్క్ నగరంలో బేస్‌మెంట్ ఇళ్లలో 11 మంది నీళ్లలో చిక్కుకుని చనిపోయారు. అక్కడ సమస్య ఎత్తు కాదు, బయటపడే దారి. కానీ ఎత్తు కొలిచే ఇన్‌స్పెక్టరే ఆ దారి కూడా చూస్తాడు. పర్మిట్ ఎగ్గొడితే రెండు చెకింగులూ పోయినట్టే.

కాబట్టి సోఫా ఆర్డర్ పెట్టేముందు టేపు తియ్యండి. అన్నిటికంటే కిందకి ఉన్న చోట కొలవండి, ఫ్లోరింగూ సీలింగూ తీసేసి లెక్కెయ్యండి. సరిపోతే హ్యాపీ. సరిపోకపోతే అమ్మానాన్నకి పైన గది ఇచ్చి, కింద క్యారమ్స్ బోర్డు పెట్టుకోండి. ఆ ఆట ఎలాగూ కూర్చునే కదా ఆడేది!