ఈకల తర్వాతి పాఠం

యూదుల బడుల్లో చాడీల పాఠం వస్తే టీచర్లు తరచూ చెప్పేది దిండు కథ: ఊరంతా పుకార్లు మోసినవాణ్ణి రబ్బీ ఓ దిండు చింపమంటాడు, గాలికెగిరిన ఈకలన్నీ ఏరుకు రమ్మంటాడు. కథ పిల్లలకు బాగా గుర్తుంటుంది. నా పేచీ అక్కడే. అది విన్నవాడు నోరు మూసుకోవడమే మంచితనమనుకుని ఇంటికెళ్తాడు. యూదుల వాగ్ధర్మం అంత తేలిగ్గా వదలదు. నిజమే అయినా ఎదుటివాడికి చేటు తెచ్చే మాటను 'లషోన్ హరా' అని నిషేధిస్తుంది, విన్నవాణ్ణీ దోషిని చేస్తుంది, నిజమే. కానీ కొండేలు మోయొద్దన్న లేవీయకాండం 19:16 వచనమే, పొరుగువాడి ప్రాణం మీదికొస్తే చూస్తూ ఊరుకోవద్దనీ అంటుంది. రబ్బీ ఇస్రాయేల్ మేయిర్ కగన్ 1873లో అచ్చువేసిన 'హాఫెట్స్ హయీమ్' ఈ రెంటి మధ్య దారి వేసింది: సంగతి రూఢి చేసుకో, ముందు తప్పు చేసినవాడితోనే మాట్లాడు, గోరంతను కొండంత చెయ్యకు, కక్షతో చెప్పకు... ఇలా ఏడు షరతులు. తోటివాణ్ణి బాత్రూం దగ్గర రోజూ బెదిరిస్తున్నారని టీచరు చెవిన వెయ్యాలా వద్దా? ఎనిమిదో తరగతి పిల్లను నిద్రపోనివ్వని ప్రశ్న ఇదీ. దీనికి ఈకలు జవాబివ్వవు, ఆ షరతులు ఇస్తాయి. నేనైతే పాఠం ఈ ప్రశ్నతోనే మొదలెడతాను. పిల్లలకు మౌనం ఒక్కటే నేర్పే బడిని చూస్తే, తన గుట్టు బయటపడకుండా చూసుకుంటోందేమోనని నాకు అనుమానం.