పళ్ళ పట్టా మీద ఒక పగలు

కోయంబత్తూరు పక్కల తరతరాలుగా ఉంటున్న మనవాళ్ళకి ఊటీ రైలు పెరటి చెట్టు. బెజవాడ నుంచో రాజమండ్రి నుంచో చుట్టాలు దిగితే టిక్కెట్లు తీసిపెడతాం, మెట్టుపాళయం దాకా వెళ్ళి రైలెక్కించి వస్తాం. మనం మాత్రం బస్సులోనే కొండెక్కుతాం. రైలుకి దగ్గర దగ్గర అయిదు గంటలు పడుతుంది మరి. పని మీద వెళ్ళేవాడెవడూ దాన్ని ఎక్కడు.

ఈమారు ఎక్కడానికి కారణం మా అక్కయ్య. ఆవిడకి రెండు కళ్ళకీ నీటికాసులు. చుక్కల మందు వేసుకుంటూనే ఉంది కాని, పక్కచూపు చాలావరకు పోయింది. ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు కనబడుతుంది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని నిలుపుకోవడమే అని డాక్టరు గారు చెప్పేశారు. (ఈ జబ్బు తోడబుట్టినవాళ్ళకి కూడా వచ్చే అవకాశం ఎక్కువట. నొప్పీ ఉండదు, ఎరుపూ ఉండదు, తెలిసేసరికి సగం నష్టం జరిగిపోయి ఉంటుంది. నలభై దాటిన పాఠకులు ఒకసారి కంటి ఒత్తిడి చూపించుకోండి. నేను చూపించుకున్నాను.) ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక ఆవిడ కాశీ అడగలేదు, తిరుపతి అడగలేదు. "ఒరేయ్, చూపుండగానే ఆ కొండ రైలు ఒక్కసారి ఎక్కించరా" అంది.

టిక్కెట్లు చాలా ముందుగా తీసుకోవాలి. వేసవి సెలవుల్లో అయితే అసలు ఆశ పెట్టుకోవద్దు. నేను పట్టుబట్టి మొదటి తరగతిలో, అందరికంటే ముందున్న పెట్టెలో, ముందు వరస సీట్లు సంపాదించాను. ఎందుకో చెబుతాను. పెట్టెల్లో మరుగుదొడ్డి ఉండదు కనక పెద్దవాళ్ళతో వెళ్ళేవారు మెట్టుపాళయంలోనే ఆ పని చూసుకోవాలి. తరవాత రైలు కాసేపు ఆగే చోట్లే గతి.

ఉదయం ఏడు దాటగానే రైలు కదిలింది. "ఇంజనేదిరా? ముందు ఎవ్వరూ లేరే!" అంది అక్కయ్య కంగారుగా. కూనూరు దాకా ఆవిరి ఇంజను వెనకాల ఉండి పైకి నెడుతుంది. లాగితే, ఎక్కడైనా కొక్కెం తెగితే పెట్టెలు వెనక్కి జారిపోతాయి. నెట్టే ఇంజనైతే కింద అడ్డంగా నిలబడి ఉంటుంది. నేను ముందు సీట్ల కోసం పాకులాడింది ఇందుకే. ముందు పెట్టెలో కూర్చుంటే ఇంజను అడ్డం ఉండదు, పట్టాలు తిన్నగా కళ్ళ ఎదుట పరుచుకుని ఉంటాయి. అక్కయ్యకి మిగిలింది ఆ ఎదుటి చూపే కదా.

కల్లారు దాటాక రెండు పట్టాల మధ్య మూడోది మొదలవుతుంది. అదే పళ్ళ పట్టా. ఇక్కడి వాలు కొన్నిచోట్ల 12 అడుగులకి ఒక అడుగు. ఆ ఏటవాలు మీద ఉత్త ఇనుప చక్రం పట్టు దొరక్క జారుతుంది. అందుకని ఇంజను కింద పళ్ళ చక్రాలు పెట్టి, వాటిని మధ్య పట్టా పళ్ళకి తగిలించి, నిచ్చెన ఎక్కినట్టు ఎక్కిస్తారు. స్విట్జర్లాండుకు చెందిన రోమన్ ఆప్ట్ కనిపెట్టిన పద్ధతి ఇది. పక్కపక్కనే రెండు పళ్ళ కడ్డీలు ఉంటాయి. ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదానికి సందు. ఎప్పుడూ ఏదో ఒక పన్ను పట్టుకునే ఉంటుంది. మన దేశంలో ఇలాంటి రైలు మరొకటి లేదు.

నాకు ఇంకా నచ్చిన సంగతి మరొకటి. ఇంజనులో నాలుగు సిలిండర్లు. ఆవిరి మొదట రెండు సిలిండర్లలో మామూలు చక్రాలను తిప్పి, బయటకు పోకుండా మిగతా రెండింటిలోకి వెళ్ళి పళ్ళ చక్రాలను తిప్పుతుంది. ఒకే రూపాయితో రెండు బేరాలు! ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో ఉన్నాను, ఇంత పొదుపరిని చూడలేదు.

కాని ఈ రైలు మార్గం పుట్టుక చూస్తే పొదుపు మాట ఎత్తలేం. 1854లో ప్రతిపాదన. పని మొదలైంది 1891లో. కూనూరు దాకా 1899లో, ఊటీకి 1908లో రైలు నడిచింది. మొత్తం 46 కిలోమీటర్లకి 54 ఏళ్ళు. 208 మలుపులు, 250 వంతెనలు, 16 సొరంగాలు. ఈ కాగితాలు నా బల్ల మీదికి వచ్చి ఉంటే అప్పు మంజూరు చేసేవాణ్ణి కాదు. 2005లో యునెస్కో వారు దీన్ని డార్జిలింగు రైలుతో కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

సొరంగం రాగానే వెనక పెట్టెల్లో పిల్లలు కేకలు. "ఇప్పుడు నేనూ మీరూ ఒకటేరా" అంది అక్కయ్య చీకట్లో. ఏం చెప్పాలో తోచక ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. వెలుగులోకి రాగానే ఆవిడ కళ్ళు సర్దుకోవడానికి కాస్త సేపు పట్టేది. అందుకని సొరంగం చివర కనబడగానే నేను "వస్తోంది" అనడం, ఆవిడ కళ్ళు మూసుకుని నెమ్మదిగా తెరవడం. రెండు మూడు సొరంగాలయ్యేసరికి అలవాటైపోయింది.

ప్రతి పెట్టె ముందు వసారాలో ఒక బ్రేకు మనిషి నిలబడి ఉంటాడు. మా ముందున్నతను అక్కయ్య పట్టాలకేసి రెప్పవేయకుండా చూడడం గమనించి, నేను అడక్కుండానే ఒక మూలకి ఒదిగి నిలబడ్డాడు. హిల్‌గ్రోవ్‌లో ఇంజను నీళ్ళు పట్టుకుంటుంటే ఆవిడ అతనితో అరవంలో కబుర్లాడింది. ఎక్కేటప్పుడు కష్టమంతా ఇంజనుదీ, దిగేటప్పుడు తమదీ అన్నాడు. చక్రాలకొక బ్రేకు, పళ్ళకొక బ్రేకు.

కూనూరులో ఆవిరి ఇంజను విప్పేసి డీజిలు తగిలించారు. పళ్ళ పట్టా అక్కడితో సరి. తరవాత వెల్లింగ్టన్, అరవంకాడు, కేత్తి. 'వసంత కోకిల' సినిమా చివరలో కమల్ హాసన్ గంతులు వేసింది ఈ కేత్తి స్టేషనులోనే అని చెప్పగానే అక్కయ్య కొంగుతో కళ్ళొత్తుకుంది. అది సినిమాకో, మరెందుకో అడగలేదు. లవ్‌డేల్ దాటాక రైలు కాస్త కిందికి దిగి, మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో ఊటీ చేరింది.

ఊళ్ళో చూసిందేమీ లేదు. పులిహోర, పెరుగన్నం తిని, టీ తాగి, రెండు గంటల బండికే తిరిగి ఎక్కాం. దిగేటప్పుడు ఇంజను ముందుంటుంది, ఎదర ఏమీ కనబడదు. "చూడాల్సింది చూశాన్లే, ఇంక వింటాను" అని అక్కయ్య కిటికీకి తల ఆనించింది. కల్లారు ఇంకా రాకముందే, "ఇప్పుడు బ్రేకు వేస్తాడు చూడు" అనడం మొదలెట్టింది. నాలుగింట మూడుసార్లు సరిగ్గా చెప్పింది.

వెళ్ళదలచినవారికి ఒక్క మాట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకి చరియలు విరిగిపడి బండి రద్దవుతూ ఉంటుంది. ముందుగా కనుక్కుని బయల్దేరండి. జనవరిలో మా రెండో అక్కయ్య వస్తోంది. పెద్దావిడ అప్పుడే చెప్పి పెట్టింది, ముందు పెట్టెలోనే తీయమని.