ఒకే మంచం... మూడు షిఫ్టులు!

కంప్యూటర్ కబుర్లు

ఒక గది. అందులో ముగ్గురు బ్రహ్మచారులు. ఉన్నది ఒకే ఒక్క నవారు మంచం. ఒకరిది పొద్దుటి షిఫ్టు, ఇంకొకరిది రెండో షిఫ్టు, మూడో ఆయనది రాత్రి షిఫ్టు. ఒకరు లేచి డ్యూటీకి వెళ్లే వేళకు మరొకరు వచ్చి నడుం వాలుస్తారు. విడివిడిగా అడిగి చూడండి... ‘నాకో మంచం ఉంది’ అనే చెబుతారు ముగ్గురూ. లెక్కకు మూడు మంచాలు. గదిలో ఉన్నది ఒకటే!

నస్పూర్, శ్రీరాంపూర్ సింగరేణి కాలనీల్లో పెరిగిన వాళ్లకు షిఫ్టుల సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఇంట్లో వంట ఎప్పుడు పూర్తవ్వాలో, పిల్లలు ఎప్పుడు గోల చేయకూడదో అన్నీ నాన్న డ్యూటీని బట్టే. అయితే పెద్ద పెద్ద బ్యాంకులు, బీమా సంస్థలు వాడే మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్లలో ఎన్నో ఈ మంచం లెక్క మీదే నడుస్తున్నాయంటే నమ్ముతారా? ఆ లెక్క తప్పకుండా చూసే పనికి ప్రత్యేకంగా నిపుణులే ఉంటారు. అలాంటి ఉద్యోగంలో ఉన్న కూతురు ‘మెమరీ ట్యూనింగ్ చేస్తున్నా బాపూ’ అంటే, ‘అంటే ఏంది బిడ్డా?’ అని అడగని తండ్రి ఉండడు. ఈ వారం ముచ్చట ఆ తండ్రుల కోసమే.

రెండంకెల పొదుపు

మెయిన్‌ఫ్రేమ్ అనే మాట మన ఇళ్లలోకి వచ్చింది 1990ల చివర్లో. మంచిర్యాలలో రైలెక్కి హైదరాబాద్ వెళ్లిన కుర్రాళ్లు అమీర్‌పేటలో కోబాల్, జేసీఎల్ కోర్సుల్లో చేరిన రోజులవి. కారణం వైటూకే. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకున్నారు. 1975ను 75 అని, 1999ని 99 అని. 2000 వచ్చేసరికి కంప్యూటర్‌కు కనిపించేది ‘00’. దాన్ని 1900 అనుకుంటే వడ్డీల లెక్కలు, వయసుల లెక్కలు ఏం కావాలి? ఆ లక్షలాది లైన్లు సరిదిద్దడానికి మనుషులు కావాల్సి వచ్చింది. అలా ఎంతోమంది తెలుగువాళ్లకు విమానం ఎక్కే అవకాశం దక్కింది.

ఇంతకీ ఆ రెండంకెలు ఎందుకు మిగిల్చుకున్నట్టు? పిసినారితనంతో కాదు. అప్పట్లో కంప్యూటర్ మెమరీ బంగారమంత ఖరీదు. అంకెలు రెండు తగ్గినా లక్షల రికార్డుల్లో ఆ పొదుపు చాలా పెద్దది. మెమరీ కొరతే ఒక తరానికి ఉద్యోగాలిచ్చిందన్నమాట. ఆ కొరత ఉన్న రోజుల్లోనే పుట్టిన మరో ఉపాయమే వర్చువల్ మెషీన్.

పద్నాలుగు మంది... ఒకే ఇల్లు

1960ల మధ్యలో అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఐబీఎం పరిశోధకులు సీపీ-40 అనే వ్యవస్థను తయారుచేశారు. 1967 నాటికి అది పనిలోకి దిగింది. ఆ యంత్రం అసలు మెమరీ 256 కిలోబైట్లు. ఇప్పుడు మీ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. అంత చిన్న యంత్రంలో ఒకేసారి 14 ‘కంప్యూటర్లు’ నడిచేవి. ప్రతిదానికీ ‘నాకు 256 కిలోబైట్లు ఉన్నాయి’ అనే నమ్మకం! నిజానికి అవి విడి కంప్యూటర్లు కావు. ఒకే ఇంట్లో పద్నాలుగు కుటుంబాలు, ఎవరికి వారు ఇల్లంతా తమదే అనుకున్నట్టు. వాటినే వర్చువల్ మెషీన్లు అంటారు. 1972 ఆగస్టులో ఐబీఎం దీన్ని వీఎం/370 పేరుతో బయటకు తెచ్చింది. 2000లో అది జెడ్‌/వీఎం అయింది. ఇప్పటికీ నడుస్తోంది. ఒకే యంత్రంలో వందల లైనక్స్ కంప్యూటర్లను నడిపించగలదు.

ఈ మాయ చేసే పెద్దమనిషి పేరు కంట్రోల్ ప్రోగ్రామ్. ముద్దుగా సీపీ. మెమరీని నాలుగేసి కిలోబైట్ల ముక్కలుగా చేసి ఒక్కో ముక్కను పేజీ అంటుంది. ఎవరికి ఏ పేజీ ఇప్పుడు అవసరమో చూసి అది మెమరీలో ఉంచుతుంది. చాలాసేపటి నుంచి ఎవరూ ముట్టుకోని పేజీని డిస్కులోకి పంపించి, ఆ జాగా ఇంకొకరికి ఇస్తుంది. మళ్లీ కావాలంటే వెనక్కి తెస్తుంది. వంటగది గట్టు మీద పోపుల డబ్బా, అటక మీద ఆవకాయ జాడీ ఉన్నట్టే. గట్టు చిన్నదైనా పర్లేదు... రోజూ వాడేవి చేతికందితే చాలు.

అటక ఎక్కడానికి ఎంతసేపు?

చిక్కంతా ఇక్కడే. మెమరీలోంచి ఒక విషయం తీయడానికి ఒక సెకను పట్టిందనుకుందాం. అదే లెక్కన పాతరకం తిరిగే డిస్కులోంచి తీయడానికి పన్నెండు గంటలకు పైనే పడుతుంది. ఇప్పటి ఫ్లాష్ డిస్కులైనా పావుగంట తీసుకుంటాయి. పోపు వేస్తూ జీలకర్ర కోసం పావుగంట ఆగితే ఏమవుతుందో ఇల్లాళ్లకు చెప్పాలా? అప్పుడప్పుడు అటక ఎక్కితే ఫర్వాలేదు. ప్రతి తాలింపుకూ ఎక్కాల్సివస్తేనే వంట ఆగిపోతుంది.

మన మంచం సంగతే తీసుకోండి. ప్లేడే వచ్చింది. ముగ్గురికీ సెలవు. ముగ్గురూ గదిలోనే ఉన్నారు. ఒకరు పడుకోగానే ఇంకొకరు లేపుతారు. ఆయన నడుం వాల్చేలోపు మూడో ఆయన వస్తాడు. దుప్పటి మార్చడంతోనే మధ్యాహ్నం గడిచిపోతుంది, ఎవరికీ నిద్ర ఉండదు. కంప్యూటర్లో దీన్ని థ్రాషింగ్ అంటారు. పేజీలను తేవడం, పంపడంతోనే సరిపోతుంది. అసలు పని సాగదు. విచిత్రమేమిటంటే అప్పుడు ప్రాసెసర్ ఖాళీగా కనిపిస్తుంది. అందరూ డిస్కు కోసం ఎదురుచూస్తుంటే అది మాత్రం ఏం చేస్తుంది? పూర్వం కొన్ని వ్యవస్థలు ‘ప్రాసెసర్ ఖాళీగా ఉంది కదా’ అని ఇంకో నాలుగు పనులు లోపలికి తీసుకునేవి. దాంతో ఉన్నవీ కుప్పకూలేవి.

అమెరికన్ శాస్త్రవేత్త పీటర్ డెన్నింగ్ 1968లో ఈ జబ్బుకు కారణం విడమరిచి చెప్పారు. ఏ ప్రోగ్రామైనా ఒక సమయంలో తన పేజీలన్నీ వాడదు, కొన్నింటితోనే పని చేస్తుంది. ఆ కొన్నింటి గుంపుకు ఆయన పెట్టిన పేరు ‘వర్కింగ్ సెట్’. అది మెమరీలో పట్టినంత మందినే పనిలోకి రానివ్వాలి, మిగతావాళ్లు గుమ్మం బయట ఆగాలి. సీపీ కూడా ఏళ్ల తరబడి అలా బయట ఆగేవాళ్ల కోసం ఒక జాబితా నడిపింది. 2013లో వచ్చిన జెడ్‌/వీఎం 6.3లో ఆ జాబితాను తీసేశారు. ఒక టెరాబైట్ మెమరీ వరకు వాడుకునే వీలు కూడా అప్పుడే వచ్చింది.

ఎక్కువిస్తే ఎక్కువ నష్టం!

‘మెమరీ చాలకపోతే ఇంకా కొనొచ్చుగా?’ అని మీరు అడగొచ్చు. కొనొచ్చు. కానీ అనుభవజ్ఞులు ముందు చూసేది ఎవరి దగ్గర అక్కరకు మించి ఉందనే. మెయిన్‌ఫ్రేమ్‌లో నడిచే లైనక్స్‌కు ఒక అలవాటుంది. ఎంత మెమరీ ఇస్తే అంతా నింపేసుకుంటుంది. చదివిన ఫైళ్లన్నీ ‘మళ్లీ పనికొస్తాయేమో’ అని దగ్గరే దాచుకుంటుంది. పెళ్లిలో ఇచ్చిన స్టీలు గిన్నెలన్నీ బీరువాలో దాచుకున్నట్టు! సొంత ఇంట్లో అది మంచి అలవాటే. పది కుటుంబాలు ఉమ్మడిగా వాడే ఇంట్లో అదే తంటా. సొంత సర్వర్‌కు ఎనిమిది గిగాబైట్లు ఇచ్చాం కాబట్టి ఇక్కడా అంతే ఇద్దాం అనుకుంటే పక్కవాళ్ల మంచం లాక్కున్నట్టే.

అందుకే ట్యూనింగ్ చేసేవాళ్లు కొద్దికొద్దిగా మెమరీ తగ్గిస్తూ వస్తారు. లైనక్స్ తనంతట తాను కాస్త పేజీలు బయటకు పెట్టడం మొదలెట్టే దాకా తగ్గించి అక్కడ ఆపుతారు. ఆ కాసిన్ని పేజీల కోసం వీడిస్క్ అనే నకిలీ డిస్కు ఇస్తారు. అది మెమరీలోనే ఉంటుంది. వాడినప్పుడే జాగా తీసుకుంటుంది.

రెండో మందు, నిద్రపోయేవాళ్లను నిద్రపోనివ్వడం. పనిలేని వర్చువల్ మెషీన్‌ను చూస్తే సీపీకి సంతోషం... దాని పేజీలు తీసి వేరేవాళ్లకు ఇవ్వొచ్చు. కానీ ‘బాగానే ఉన్నావా?’ అని ప్రతి సెకనుకూ తట్టిలేపే ప్రోగ్రాములు అందులో ఉంటే? అది పనిచేస్తున్నట్టే లెక్క. అలాగే వంద మెషీన్లూ అర్ధరాత్రి పన్నెండింటికే బ్యాకప్ మొదలెడితే ఆ క్షణానికి అందరికీ ప్లేడే వచ్చినట్టే. ఒకదాన్ని పన్నెండింటికి, ఇంకోదాన్ని పన్నెండుంబావుకు పెడితే పైసా ఖర్చు లేకుండా సగం బాధ తీరుతుంది.

మూడోది, ఎవరిని కదిలించకూడదో తెలుసుకోవడం. జావా ప్రోగ్రాములు మధ్యమధ్యలో తమ మెమరీలోని చెత్త ఊడుస్తాయి. ఇల్లంతా తిరిగి ప్రతి మూలా చూస్తాయి. ఆ మూలల్ని డిస్కులోకి పంపేసి ఉంటే ఒక్కొక్కటే వెనక్కి తెచ్చుకోవాలి. పెద్ద డేటాబేసులదీ ఇదే సంగతి. వీటికి మాత్రం నిఖార్సయిన మెమరీ కేటాయిస్తారు. పరీక్షలకు వాడే మెషీన్ల దగ్గర ఎంత పొదుపు చేసినా చెల్లుతుంది, ఖాతాదారుల డబ్బు కదిలే చోట చెల్లదు.

ఇక అటక సంగతి. పేజీలు పెట్టే డిస్కుల్లో వేరే సామాను పెట్టకూడదు. ఒకే పరిమాణంలో ఉన్నవి కొన్ని ఉండాలి. నిండా నింపకూడదు. అటక కిక్కిరిసిపోతే జాడీ దించడానికి పది డబ్బాలు కిందికి తీయాలి కదా!

సగటు చెప్పే అబద్ధం

ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైనది కొలత. అందుకు ఐబీఎం వాళ్ల పెర్ఫార్మెన్స్ టూల్‌కిట్ లాంటివి ఉన్నాయి. కానీ ఎలా చూస్తున్నామన్నదే అసలు విషయం. రోజంతా సగటు తీస్తే అంతా బ్రహ్మాండంగా కనిపిస్తుంది. పొద్దున పదిన్నరకు కౌంటర్ ముందు నిలబడ్డ ఖాతాదారుకు రాత్రి రెండింటి ఖాళీ ఎందుకు? గనిలో గాలి సగటున బాగుందంటే ఏ కార్మికుడైనా ఒప్పుకొంటాడా? తాను పనిచేసే చోట, తాను ఉన్న గంటలో బాగుండాలంటాడు. కంప్యూటర్‌నూ నిమిషం నిమిషం లెక్కనే చూడాలి. ఒకసారికి ఒకే మార్పు చేయాలి. మళ్లీ కొలవాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది మందో, ఏది విషమో తెలియదు.

పిల్లల్ని కంప్యూటర్ కోర్సుల్లో చేర్పించే తల్లిదండ్రులు గమనించాల్సింది కూడా ఇదే. కోర్సుల పేర్లు మారుతూనే ఉంటాయి. నిన్న మెయిన్‌ఫ్రేమ్, నేడు క్లౌడ్. ఆ క్లౌడ్‌లోనూ అద్దెకిచ్చేది వర్చువల్ మెషీన్లనే. మెమరీ అక్కరకు మించి తీసుకుంటే నెలనెలా బిల్లు వాతపెడుతుంది. ఉన్నదాన్ని కొలిచి, అవసరాన్ని బట్టి పంచే నేర్పు ఉన్నవాళ్లకు ఏ పేరుతోనైనా పని దొరుకుతుంది. కోర్సు చెప్పే సంస్థకు వెళ్లినప్పుడు ‘ఏ సాఫ్ట్‌వేర్ నేర్పుతారు?’ అని అడగండి. దాంతోపాటు ‘అది నెమ్మదిస్తే కారణం వెతకడం నేర్పుతారా?’ అనీ అడగండి. జవాబు కోసం వాళ్లు తడుముకుంటే, ఫీజు కట్టేముందు ఇంకో రెండు చోట్ల విచారించడం మంచిది.