తెలుగు పేరు ఫైలుకు చేటు కాదు

కంప్యూటర్‌లో ఫైలు పేరు మార్చేటప్పుడు కాపీ చేసిన పేరు పేస్ట్ కాకపోయినా, సగమే పడినా, పిచ్చిగీతలుగా పడినా తెలుగువారికి దొరికే సలహా ఒక్కటే: ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టొద్దు, ఇంగ్లిష్ అక్షరాలే వాడాలి. నెట్ సెంటర్లలో, డీటీపీ షాపుల్లో, బళ్లలోని కంప్యూటర్ గదుల్లో ఈ మాట నియమంలా స్థిరపడిపోయింది. ఇది తప్పు సలహా. పేస్ట్ చిక్కుల్లో ఎక్కువ వాటికి భాషతో సంబంధమే లేదు. తెలుగుకే ప్రత్యేకమైనవి కొన్ని ఉన్న మాట నిజమే కానీ, వాటి కారణాలు తెలిసినవే, విరుగుళ్లూ ఉన్నాయి.

ఒకప్పుడు ఈ సలహాకు ఆధారం ఉండేది. విండోస్ 95, 98 కాలంలో ప్రోగ్రాములు ఒక్కో భాషకు కేటాయించిన అక్షరాల పట్టికను, అంటే కోడ్‌పేజీని బట్టి అక్షరాలను గుర్తించేవి. తెలుగుకు అలాంటి కోడ్‌పేజీ లేదు. తెలుగు పేరు ఎదురైతే ఆ ప్రోగ్రాములు ఒక్కో అక్షరానికి ఒక్కో ప్రశ్నార్థకం పెట్టేవి. ఫైలు పేరులో ప్రశ్నార్థకం నిషిద్ధం కాబట్టి ఆ ఫైలు తెరుచుకునేదే కాదు. అయితే 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగు ఉంది. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థ ఫైలు పేర్లను యూనికోడ్‌లోనే దాస్తుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో సహా తెలుగును అందించింది. కారణం పోయి ఇరవై ఏళ్లు దాటినా సలహా మాత్రం నోటి నుంచి నోటికి సాగుతూనే ఉంది.

పేస్ట్ చిక్కుల్లో అన్నిటికన్నా మామూలుగా జరిగేది ఇది. ఎక్స్‌ప్లోరర్‌లో ఒక ఫైలు మీద క్లిక్ చేసి కంట్రోల్ సి కొడితే క్లిప్‌బోర్డులోకి వెళ్లేది ఫైలే, దాని పేరు కాదు. ఆ తర్వాత ఇంకో ఫైలు మీద పేరు మార్చే ఎఫ్2 నొక్కి పేస్ట్ చేస్తే ఏమీ పడదు, ఎందుకంటే పేరు పెట్టె అక్షరాలను మాత్రమే తీసుకుంటుంది. మొదటి ఫైలు మీద కూడా ఎఫ్2 నొక్కి, లోపలి పేరును కాపీ చేసి, ఎస్కేప్‌తో బయటికి వస్తే పని సాఫీగా సాగుతుంది. ఈ చిక్కు ఇంగ్లిష్ పేరుతోనూ ఇలాగే వస్తుంది.

విండోస్ ఫైలు పేర్లలో తొమ్మిది గుర్తులు పనికిరావు: \ / : * ? " < > |. ఇక్కడ జరిగే నష్టం పైకి కనిపించదు కాబట్టి దీని దగ్గర కాస్త ఆగాలి. భూమి కాగితాలు స్కాన్ చేసి దాచుకునేవారు ఫైలుకు సర్వే నంబరే పేరుగా పెడతారు. పాస్‌బుక్ వివరాల్లోంచి 145/2 అని కాపీ చేసి పేరు పెట్టెలో పేస్ట్ చేస్తే, ఎక్స్‌ప్లోరర్ సాధారణంగా ఆ ఏటవాలు గీతను వదిలేసి మిగతా అంకెలను తీసుకుంటుంది. ఒక హెచ్చరిక మెరిసి మాయమవుతుంది. ఫైలు పేరు 1452 అవుతుంది. అది వేరే సర్వే నంబరు! తేదీలదీ ఇదే కథ. 12/05/2024 కాస్తా 12052024 అవుతుంది, 10:30 కాస్తా 1030 అవుతుంది. పేస్ట్ చేసే ముందే ఏటవాలు గీత బదులు అడ్డగీత పెట్టుకోవడమే దీనికి మార్గం. నిషిద్ధమైన ఆ తొమ్మిదింటిలో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. డాస్ కాలం నుంచి పరికరాలకు కేటాయించి ఉంచిన కాన్, ఆక్స్, నల్ వంటి పేర్లను ఇంగ్లిష్‌లో రాస్తే విండోస్ ఒప్పుకోదు, అవే తెలుగు లిపిలో రాస్తే ఏ అభ్యంతరమూ చెప్పదు. ఇంగ్లిష్ పేరైతే క్షేమం అన్న నమ్మకానికి ఇక్కడే పునాది కదులుతుంది.

పేరు పెట్టెలో పట్టేది ఒక్క వరుసే. వర్డ్ నుంచి రెండు వరుసలు కాపీ చేస్తే మొదటిదే పడుతుంది. మొదటిది ఖాళీ వరుసైతే ఏదీ పడదు, కీబోర్డు చెడిపోయిందన్న అనుమానం మొదలవుతుంది. కాపీ చేసినదాన్ని ముందు నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూస్తే సంగతి తేలిపోతుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో రెండు యంత్రాల మధ్య కాపీ ఆగిపోతే ఆర్‌డీపీ క్లిప్ అనే చిన్న ప్రోగ్రామును ఆపి మళ్లీ నడిపిస్తే చాలు. వైరస్ అనుకుని ఫార్మాట్ కొట్టించడం డబ్బు దండగ.

తెలుగు పేర్లు చోటు ఎక్కువ తింటాయన్నది ఇంకో ఆరోపణ. విండోస్‌లో పేరుకు 255 గుర్తుల దాకా చోటుంది, డ్రైవు, ఫోల్డర్లతో కలిపిన మొత్తం దారికి మామూలుగా 260 పరిమితి. లక్ష్మి అన్న పేరును విండోస్ ఏడు గుర్తులుగా లెక్కపెడుతుంది: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. అదే పేరును ఇంగ్లిష్‌లో రాసినా ఏడక్షరాలే. పేస్ట్ చేసిన పేరు చివర తెగిపోయిందంటే తప్పు భాషది కాదు, ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోయిన దారిది. లైనక్స్‌లో మాత్రం ఈ ఆరోపణలో నిజం ఉంది. అక్కడి ఈఎక్స్‌టీ4 ఫైల్ వ్యవస్థలో పరిమితి 255 బైట్లు, ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి కాబట్టి 85 గుర్తుల దగ్గర పేరు ఆగుతుంది. ఫైలు పేరుకు 85 గుర్తులు తక్కువేమీ కాదు.

ఇక అసలైన తెలుగు చిక్కులు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేసిన పాఠం తెరమీద తెలుగుగా కనిపించినా, లోపల దాచి ఉన్నవి ఇంగ్లిష్ తదితర గుర్తులే. దాన్ని కాపీ చేసి ఫైలు పేరుగా పేస్ట్ చేస్తే ఆ గుర్తులు అసలు రూపంలో బయటపడతాయి, వాటిలో నిషిద్ధమైనవి ఉంటే రాలిపోతాయి కూడా. తెలుగు పేరు వల్ల ఫైలు పాడైందని డీటీపీ షాపుల్లో చెప్పే ఉదాహరణ తరచు ఇదే. నిజానికి అక్కడ తెలుగు లేదు, తెలుగులా కనిపించే బొమ్మ ఉంది. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకుని పేస్ట్ చేస్తే పేరు చక్కగా నిలుస్తుంది.

రెండోది కంటికి ఆనని గుర్తు. ‘హైదరాబాద్‌లో’ అని రాసేటప్పుడు ద కింద ల వత్తుగా చేరకుండా మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు పెడతారు. దాని వెడల్పు సున్నా. ఈ మాటను కాపీ చేసి, చివరి ‘లో’ తీసేసి ఫైలు పేరుగా వాడితే ఆ గుర్తు పేరు తోకన మిగిలిపోవచ్చు. అప్పుడు ఒకే ఫోల్డర్‌లో చూపుకు ఒకేలా ఉండే ‘హైదరాబాద్’ ఫైళ్లు రెండు కూర్చుంటాయి, కంప్యూటర్‌కు మాత్రం అవి వేర్వేరు పేర్లు. పేరు చివర కర్సర్ పెట్టి ఒక్కసారి బ్యాక్‌స్పేస్ కొట్టి చూడాలి. పైకి ఏమీ మారకపోతే పోయింది ఆ గుర్తే. పొల్లు ఎగిరిపోతే అక్కడ గుర్తు లేదన్నమాట, కంట్రోల్ జెడ్‌తో వెనక్కి తెచ్చుకోవచ్చు.

మూడోది మ్యాక్‌ల నుంచి వచ్చే ఫైళ్లది. యూనికోడ్ ప్రకారం ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం, దాని కింది కొమ్ము కలిపి రెండు గుర్తులుగానూ రాయవచ్చు. మ్యాక్‌లోని పాత ఫైల్ వ్యవస్థ పేర్లను విడదీసి దాచేది, విండోస్ ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే ఉంచుతుంది. అందుకే ‘చెన్నై’ వంటి పేరు ఒకేలా కనిపిస్తూ వెతుకులాటలో దొరకకపోవచ్చు. పేరును ఒకసారి చేత్తో మళ్లీ టైపు చేస్తే సమస్య తీరుతుంది.

కొన్ని ఆన్‌లైన్ దరఖాస్తులు ఇంగ్లిష్ పేరున్న ఫైళ్లనే తీసుకుంటాయి, పాత జిప్ ప్రోగ్రాములు తెలుగు పేర్లను చెడగొడతాయి. అలాంటి చోట పంపే కాపీకి ఇంగ్లిష్ పేరు పెట్టి, దగ్గరుంచుకునే అసలు ఫైలుకు తెలుగు పేరే ఉంచితే సరిపోతుంది. ఇంగ్లిష్ చదవలేని రైతు తన పొలం కాగితాల ఫైలును తానే పేరు చూసి తీసుకోగలగాలి. కంప్యూటర్ నేర్పే అయ్యవార్లు, నెట్ సెంటర్ల వారు ఈ పాత నిషేధాన్ని ఇకనైనా మానుకుని, పిల్లలకూ ఖాతాదారులకూ పేరు పెట్టెలో ఏది పడుతుందో, ఏది పడదో నేర్పాలి.