మామూ ఇంటి బందూక్ టిప్పుదేనా?

మా పెద్ద మామూ ఇంట్లో దివాన్‌ఖానా గోడకు పొడుగాటి పాత బందూక్ ఒకటుంది. దావత్ అయిన ప్రతిసారీ దాని కిస్సా కూడా దస్తర్‌ఖాన్ మీదికి వస్తుంది. "టిప్పు సుల్తాన్ ఫౌజ్‌ది. మా పర్‌దాదా తెచ్చాడు." చిన్నప్పుడు నేనూ బడిలో ఫఖర్‌గా చెప్పుకున్నాను.

మొన్న ఈద్‌కి వెళ్లినప్పుడు మామూ ఇజాజత్ తీసుకుని కిందికి దించి చూశాను. ఘోడా బిగించిన ఇనుప పలక మీద, తుప్పు కింద, కిరీటం పట్టుకుని నిలబడ్డ సింహం! ఈస్టిండియా కంపెనీ ముద్ర అది. అంతకుముందు కంపెనీ తుపాకుల మీద గుండె ఆకారపు గుర్తు ఉండేది. సింహం వచ్చింది సుమారు 1808లో. సుల్తాన్ షహాదత్ 1799 మే 4న.

"అయితే మా బుజుర్గులు ఝూట్ చెప్పారంటావా?" మామూ నారాజ్ అయ్యారు.

నేనలా అనలేదు. పాత బందూకుల్లో పలక ఒకచోటిది, గొట్టం ఇంకోచోటిది కావడం మామూలే. అమెరికాలో పెన్సిల్వేనియా కారీగర్లు చేసిన లాంగ్ రైఫిళ్లకు కూడా చాలావాటికి ఇంగ్లండ్ లాకులే. అక్కడ చేసినవాడి పేరు గొట్టం మీద వెతుకుతారు. ఏ ఇలాఖాదో కర్ర వంపునీ, దాని పక్కన ఇత్తడి డబ్బీ మూతనీ చూసి పోలుస్తారు.

సుల్తాన్ కార్ఖానాల మేలురకం బందూకులకైతే నిశానీలు సాఫ్‌గా కనిపిస్తాయి. బబ్రీ అనే పులిచారలు, హైదర్ పేరులోని 'హే' అక్షరం, గొట్టం మీద వెండి రాతలో పట్టణ్ అని శ్రీరంగపట్నం పేరు, కారీగర్ పేరు, సాల్. ఆ సాల్ హిజ్రీ కాదు, సుల్తాన్ పెట్టిన మౌలూదీ లెక్క. 1222 అని ఉంటే మౌలూదీలో అది 1794. హిజ్రీ అనుకుంటే 1807 అవుతుంది, అసలుదాన్ని నకిలీ అనేస్తాం.

మనవాళ్లు అరబీ లిపి కనిపిస్తే చాలు, టిప్పుదే అంటారు. సింధ్‌లోనూ లాహోర్‌లోనూ బందూకులు చేసినవాళ్లు లేరా? భట్టీ ముందు కూర్చుని గొట్టం సాగదీసి, తన పేరు చెక్కుకున్న ఉస్తాద్‌ని ఎవరూ అడగరు. నాకు దుఃఖం అక్కడే. సుల్తాన్ పేరుకి మన సిఫారసు అక్కర్లేదు భాయ్, ఆ ఉస్తాద్‌కి కావాలి.

మామూ చిన్నకొడుకు నికాకి ముందు బందూక్‌ని ఎమరీ కాగితంతో రుద్ది మెరిపిస్తానన్నాడు. ఖబర్దార్ అన్నాను. గొట్టం మొదట్లో తుప్పు కింద ఏవో సన్నటి గీతలున్నాయి. మెత్తటి గుడ్డ, రెండు చుక్కల నూనె, అంతే. మామూ ఏమీ అనలేదు గానీ, ఎమరీ కాగితం మాత్రం తీసి జేబులో పెట్టుకున్నారు.